తడిగుడ్డలో పెట్టిన ఫోను

జగిత్యాలలో ఒక మొబైల్ సామాన్ల షాపులో పని చేస్తాను నేను. ఫోన్లు అమ్మే పెద్ద షాపు కాదు. కవర్లు, చార్జర్లు, చెవుల్లో పెట్టుకునే వైర్లు, స్క్రీన్ మీద అంటించే గాజులు, అంతే. పొద్దున షట్టరు లేచిన దగ్గర్నుంచి ఎవరిదో ఒక ఫోను నా చేతిలో ఉంటుంది. గాజు అంటించాలంటే ముందు తుడవాలి కదా, తుడుస్తుంటే ఆ మనిషి సంగతి సగం తెలిసిపోతుంది. పిండి ఉంటే వంట చేస్తూ మాట్లాడే ఆవిడ. గ్రీజు ఉంటే ట్రాక్టరు మెకానిక్కు. చార్జింగ్ పెట్టే బొక్కలో నూలు ఉండలు ఉంటే ఎప్పుడూ జేబులోనే పెట్టుకునేవాడు.

మొన్న ఒకాయన కోపంగా వచ్చాడు.

"ఏం ఫోన్లమ్మా గివి? కొని ఏడాది కాలే, గప్పుడే చార్జింగ్ ఉంటలేదు."

"పండుకునేటప్పుడు దిండు కింద పెట్టి చార్జింగ్ పెడుతున్నవా అన్నా?"

"నీకెట్ల ఎర్క?"

"వెనక ఉబ్బింది సూడు. గాలి ఆడక ఉడికింది పాపం. నిన్ను రజాయి కప్పి ఎండల కూసోవెడ్తె నువ్వు ఉబ్బవా?"

ఆయన నవ్వాడు. ఫోను గురించి ఇట్లా చెబితే అందరికీ ఎక్కుతుంది. ఎండలో పెట్టకండి, పిన్నుతో పొడవకండి, మెత్తని బ్రష్షుతో దుమ్ము తీయండి అని రోజంతా నా నోరు ఆడుతూనే ఉంటుంది. ఇంట్లో మా ఆయన కూడా, "దుకాణం బంద్ జేసినంక నోరు గూడ బంద్ జెయ్యవే" అంటాడు. ఇంతమందికి చెబుతాను కానీ, మా అమ్మకు మాత్రం ఒక్క ముక్క చెప్పి ఊరుకున్నాను. ఆ ఒక్క ముక్కనే అమ్మ అక్షరాలా పాటించింది. ఆ కథే ఇది.

మా అమ్మ కోరుట్లలో ఉంటుంది. బీడీలు చేస్తుంది. మా తమ్ముడు సిరిసిల్లలో సాంచాలు, అంటే కరెంటు మగ్గాలు నడుపుతాడు. వాడికి పుట్టినప్పటి నుంచి వినపడదు, మాట రాదు. సాంచాల షెడ్డులో అడుగు పెడితే మనకు చెవులు గింగురుమంటాయి. వాడికి ఆ బాధ లేదు. అరచేయి మగ్గం మీద ఆనించి, అది సరిగ్గా ఆడుతున్నదో లేదో చెప్పేస్తాడు. పోగు తెగితే కంటితో చూసేలోపు చేతికి తెలుస్తుందట. ఇంట్లో కూడా అంతే. మిక్సీ మీద, ఫ్రిజ్ మీద, ఆగి ఉన్న ఆటో మీద, దేని మీదైనా ఒకసారి చేయి వేసి చూస్తాడు, నడుస్తున్నదా లేదా అని.

మా ఇంట్లో మాటలన్నీ చేతులతోనే. ఏ బడిలోనూ నేర్చుకున్నవి కావు, మేము కల్పించుకున్నవి. బీడీ చుట్టినట్టు రెండు చేతుల వేళ్ళు తిప్పితే అమ్మ. ముక్కుపుడక మీద వేలు పెడితే నేను. నాన్న తాడిచెట్లు ఎక్కి కల్లు గీసేవాడు, అందుకని చెట్టును కావిలించుకున్నట్టు చూపిస్తే నాన్న. మగ్గంలో నూలు మోసుకొని ఉరికే నాడెలాగా అరచేతిని ఇటూ అటూ ఉరికిస్తే సిరిసిల్ల. సైగ చేసేటప్పుడు అమ్మ నోటితో కూడా గట్టిగా మాట్లాడుతుంది. వాడికి వినపడదని ఆమెకు తెలుసు. అయినా మాట్లాడుతుంది.

అందుకే అమ్మకు వీడియో కాల్ ఫోను కావాలి. సాయంత్రం వాడు డ్యూటీ దిగగానే అమ్మకు ఫోను చేస్తాడు. అమ్మ ఫోనును బియ్యం డబ్బాకు ఆనించి, ఒళ్ళో చాట పెట్టుకొని, బీడీలు ఆపి, చేతులు ఖాళీ చేసుకొని కూర్చుంటుంది. ఏం తిన్నావు, ఏం వండినావు, ఓనరు తిట్టాడా, పక్కింటి మేక ఈనిందా. వాళ్ళ ముచ్చట్లు అవే. కానీ అది లేకపోతే ఇద్దరికీ అన్నం దిగదు.

ఎండాకాలం వచ్చింది. అమ్మది రేకుల ఇల్లు. వీడియో మాట్లాడుతుంటే ఫోను కాలిపోతున్నదట. స్క్రీన్ మీద ఏదో ఇంగ్లీషులో వచ్చి, మాట మధ్యలో ఆగిపోతున్నదట. నాకు ఫోను చేసి చెప్పింది.

"బిడ్డా, గిది పెనం లెక్క అయితున్నది. ఏం జెయ్యాలె?"

షాపులో జనం నిలబడి ఉన్నారు. "చల్లగ ఉన్న జాగల పెట్టమ్మా, మంచిగైతది" అని చెప్పి పెట్టేశాను.

మా అమ్మ ఇంట్లో చల్లగా ఉండే జాగా ఒక్కటే. బీడీలు చేసేవాళ్ళకు తునికాకు ఎండిపోకూడదు. ఎండితే కత్తిరించేటప్పుడు పెళుసుగా విరుగుతుంది. అందుకని ఆకును నానబెట్టి, తడిగుడ్డలో మూటగట్టి నీడన పెడతారు. నడి ఎండాకాలంలో కూడా ఆ మూటలో చేయి పెడితే హాయిగా ఉంటుంది. అమ్మ ఫోనును తీసుకెళ్ళి ఆ ఆకుల మధ్య పెట్టి, తడిగుడ్డ మళ్ళీ చుట్టి, నిమ్మళంగా అన్నం తిన్నది.

సాయంత్రానికి ఫోను వెలగలేదు.

పక్కింటి చిన్నమ్మ తన ఫోను నుంచి నాకు చేసింది. "మీ అమ్మ ఫోను సచ్చిందే. బియ్యంల పెట్టినం, అయినా లేస్తలేదు. బియ్యం కొత్తయి, దొడ్డయి, మంచిగనే పీలుస్తయనుకున్న."

చిన్నమ్మది డబ్బా ఫోను, మాట్లాడడానికే తప్ప ముఖం కనపడదు. నేను తలపట్టుకున్నాను. బియ్యంలో పెడితే తడి పోవడం సంగతి దేవుడెరుగు, తవుడు పోయి బొక్కలో కూర్చుంటుంది. సరే, రేపు వచ్చి చూస్తానని చెప్పాను. అంతలోనే తమ్ముడి వీడియో కాల్ వచ్చింది.

వేళ్ళు తిప్పి, చేయి ఊపాడు. అమ్మ ఏది?

ఫోను చెవి దగ్గర పెట్టుకున్నట్టు చూపించి, పుల్ల విరిచినట్టు చూపించాను. ఫోను పాడైంది.

వాడు నా ముఖంలోకి చూశాడు. నవ్వుతూనే చెప్పాను నేను. నవ్వినందుకే నమ్మలేదనుకుంటాను. వాడు మెల్లగా రెండు చేతులు ఎత్తి, చెట్టును కావిలించుకున్నట్టు చూపించాడు. నాన్న.

వాడు దేని గురించి అంటున్నాడో నాకు అర్థమైంది.

నాన్న పోయిన రోజు పెద్దవాళ్ళందరూ ఒకటే మాట అన్నారు. పిల్లగాడు ఒక్కడే బస్సులో రావాలి, దారిలో ఏమైనా అయితే అరవడానికి కూడా నోరు లేదు, ఇప్పుడే చెప్పొద్దు, నాన్న రమ్మంటున్నాడని చెప్పండి అన్నారు. అట్లాగే చెప్పించారు. వాడు నాన్నకు ఇష్టమని అరటిపండ్లు కొనుక్కొని వచ్చాడు. వాకిట్లో జనాన్ని చూసి, పండ్ల కవరు పట్టుకొని అట్లాగే నిలబడిపోయాడు. ఆ కవరు వాడి చేతిలోంచి తీయడానికి ఎవరికీ చేతులు రాలేదు.

ఇప్పుడు మళ్ళీ అదే అనుకుంటున్నాడు. కాదురా, అమ్మ బాగుంది, ఒట్టు అని నెత్తి మీద చేయి పెట్టుకున్నాను. చిన్నమ్మ డబ్బా ఫోనుకు చేస్తే అమ్మ గొంతు వినిపిస్తుంది, కానీ గొంతు వాడికి ఏం పనికి వస్తుంది? వాడు కాల్ కట్ చేశాడు. తిరిగి చేస్తే ఎత్తలేదు.

పొద్దున్నే ఓనరుకు చెప్పి కోరుట్ల బస్సెక్కాను. దారి పొడుగునా వాడికి చేస్తూనే ఉన్నాను. మోగుతున్నది, ఎత్తడం లేదు. డ్యూటీలో ఉన్నాడేమో, అమ్మ దగ్గరికి పోగానే నా ఫోనులో చూపిస్తే సరిపోతుంది అనుకున్నాను.

నేను పోయేసరికి అమ్మ అరుగు మీద కాళ్ళు చాపుకొని బీడీలు చేస్తున్నది. నన్ను చూసి, తప్పు చేసిన బడిపిల్లలాగా ఫోను తెచ్చి చేతిలో పెట్టింది. కవరు తీస్తే లోపల తునికాకు ముక్క అతుక్కొని ఉన్నది.

"అమ్మా, ఆకుల మూటల పెడ్తరానే ఫోను?"

"నువ్వే గద చల్లగ పెట్టుమన్నవ్."

"చల్లగ అంటే తడిగనా?"

"మరి తడి లేకుంట చల్లగ ఎట్లుంటదే? మా ఇంట్ల నీ షాపు లెక్క ఏసీ ఉన్నదా?"

మా షాపులో కూడా ఏసీ లేదు. నాకు నవ్వొచ్చింది, అమ్మకూ వచ్చింది. చిన్నమ్మ గోడ మీద నుంచి తొంగి చూసి, "ఆకు మెత్తగైంది గని ఫోను మెత్తగాలే" అని ఒకటి అంటించింది.

ఆ నవ్వులో ఉండగానే వాకిట్లో నీడ పడింది. తమ్ముడు.

వేములవాడ మీదుగా బస్సులు మారి వచ్చాడు. జుట్టు నిండా దూది నూగు, డ్యూటీ బట్టలే. భుజాన డ్యూటీ సంచీ ఉన్నది, చేతిలో మాత్రం ఏమీ లేదు. ఈసారి పండ్లు తేలేదు.

అమ్మ గబగబా లేవబోయింది. "గిదేంది కొడుకా, గిట్లచ్చినవ్? పని లేదా? తిన్నవా?" అంటూ నోటితో, చేతులతో అన్నీ ఒకేసారి అడిగింది.

వాడు వచ్చి అమ్మ వెనక కూర్చొని, వీపు మీద అరచేయి ఆనించాడు. మగ్గం మీద ఆనించినట్టే. అమ్మ మాట్లాడుతూనే ఉన్నది. ఆ మాటలు ఆమె వీపులో అదురుతుంటే వాడి చేతికి తెలుస్తున్నట్టున్నది. వాడు కళ్ళు మూసుకున్నాడు. చిన్నమ్మ గోడ అవతలికి తప్పుకుంది. అమ్మకు కాసేపటికి సంగతి అర్థమైంది. అయినా మాట ఆపలేదు. నిన్న చేసిన పప్పు గురించి, పక్కింటి మేక గురించి, ఏదో ఒకటి, వాడి చేయి తీసేదాకా చెబుతూనే ఉన్నది.

చేయి తీశాక నా వంక తిరిగాడు. కోపం నా మీదకు వచ్చింది. ముక్కుపుడక చూపించాడు, నోటి దగ్గర వేలు వంకరగా తిప్పాడు. నువ్వు అబద్ధాలు చెప్తావు. నేను తడిగుడ్డ, ఆకు, ఫోను అన్నీ వాడి ముందు పెట్టి, అమ్మ చేసిన ఘనకార్యం మొత్తం ఆడి చూపించాను. ఫోనును ఆకుల్లో పడుకోబెట్టి జోకొట్టినట్టు చూపించేసరికి వాడి ముఖం మారింది. పొట్ట పట్టుకొని నవ్వాడు. అమ్మ, "నవ్వుతవా? నవ్వు, నవ్వు" అని చాటతో కొట్టబోయింది.

నవ్వు అయిపోయాక మాత్రం నా రెండు చేతులు పట్టుకొని ఒక మాట అడిగాడు. అమ్మ అని చూపించాడు, జ్వరం, నొప్పి, పడిపోవడం, ఒక్కొక్కటే చూపించాడు. ఏదైనా సరే, దాచకుండా నాకు చెప్పాలి. తల ఊపాను. మళ్ళీ ఊపించుకున్నాడు.

ముగ్గురం ఫోను పట్టుకొని బజారుకు పోయాం. రిపేరు చేసే అన్న మూత తెరిచి చూసి, లోపల పచ్చగా చిలుము పట్టిందని చూపించాడు. మూలల్లో తంబాకు పొడి. "అవ్వా, ఫోనుకు గూడ బీడీ తాగిచ్చినవా?" అన్నాడు. అమ్మ, "అది తాగితె నాకేం ఎర్క బిడ్డా" అన్నది. ఇక లేవదని తేలిపోయింది.

పక్కనే ఉన్న ఫోన్ల షాపులో ఒకతను కుర్చీ వేసి అమ్మను కూర్చోబెట్టాడు.

"అవ్వకేనా అక్కా? డబ్బా ఫోను తీస్కపోరాదు. నంబర్లు పెద్దగుంటయ్. కింద పడ్డా ఏం గాదు."

"డబ్బా ఫోన్ల నా కొడుకు అవుపడ్తడా?" అన్నది అమ్మ.

"అవుపడడు గని, మాట ఖణేల్ మంటదవ్వా."

"మా తమ్మునికి ఇనవడదన్నా" అన్నాను నేను.

అతను తమ్ముడి వైపు చూసి, డబ్బా ఫోన్లు లోపల పెట్టేసి, పెద్ద ఫోన్లు బల్ల మీద పరిచాడు. అక్కడి నుంచి అతను కూడా మా మనిషైపోయాడు.

మొదటి చిక్కు అమ్మ వేళ్ళది. ఇన్నేళ్ళు ఆకు కత్తిరించి, తంబాకు నలిపి, వేళ్ళ కొసలు చెక్కలాగా అయ్యాయి. ఆమె నొక్కితే ఫోనుకు తెలియదు. పాత ఫోను మీద వేలి కణుపుతో తలుపు కొట్టినట్టు కొట్టేది. ఒక్కో ఫోను మీద వేలు పెట్టి చూపించాను. ఒకటి పలకలేదు, ఇంకొకటి పలికీ పలకనట్టు పలికింది. ఒకదానిలో సెట్టింగుల్లోకి పోయి, చేతికి తొడుగు ఉన్నా పనిచేసేలా మార్చేది ఒకటి ఉంటే మార్చాను. అమ్మ భయం భయంగా నొక్కింది. వెంటనే తెరుచుకుంది. "అమ్మో, ఇన్నది!" అని అమ్మ నా వంక చూసింది.

రెండో చిక్కు చేతులది. ముఖం ఒక్కటే కనిపిస్తే మాకు చాలదు, చేతులు కూడా రావాలి. షాపతను తమ్ముడిని రోడ్డు అవతలికి పంపి, నా ఫోను నెట్టు కలిపి, అమ్మ వేలికి పలికిన ఫోనులోంచి వాడికి వీడియో కాల్ పెట్టించాడు. కోరుట్ల బజారులో రోడ్డుకు ఇటు అమ్మ, అటు కొడుకు, నడుమ ఆటోలు, ఇద్దరూ చేతులు ఊపుకుంటూ మాట్లాడుకుంటుంటే జనం ఆగి చూశారు. ఒక ముసలాయన, "రోడ్డు దాటితె అయిపాయె గద" అన్నాడు.

అమ్మకు ఆ ఫోను బాగా నచ్చింది. అందులో ముఖం నున్నగా, తెల్లగా, ముడతలు లేకుండా కనిపిస్తుంది.

"గిదే మంచిగున్నది బిడ్డా. నా మొకం ఎట్ల మెరుస్తున్నదో సూడు. పెండ్లిల గూడ గిట్ల లేకుంటి."

షాపతను, "సినిమా హీరోయిన్ లెక్క ఉన్నవవ్వా" అన్నాడు. అమ్మ సిగ్గుపడి కొంగు సర్దుకుంది.

రోడ్డు అవతల నుంచి తమ్ముడు చేయి అడ్డంగా ఊపుతున్నాడు. వద్దు. పరుగున వచ్చాడు. అమ్మ చెంప మీద ముడతలు వేలితో తాకి, ఫోనులో చూపించి, ఇవేవి అని అడిగాడు. కళ్ళ కింద నలుపు తాకి, ఇదేది అన్నాడు. తరువాత నుదుటి మీద చేయి పెట్టి, జ్వరం అని చూపించి, ఫోను వైపు తిరిగి రెండు చేతులు చాపాడు. ఇట్లా మెరిస్తే నాకు ఎట్లా తెలుస్తుంది?

షాపతను నా వంక చూశాడు. "ఏమంటున్నడక్కా?"

"అమ్మకు పాణం బాగలేకుంటె మొకంల తెల్వాలెనట. గా మెరిసేటిది తీసెయ్యుమంటున్నడు."

అతను ఆ అందం చేసేదాన్ని ఆపేశాడు. అమ్మ ముఖం మళ్ళీ అమ్మ ముఖం అయ్యింది. "ఛీ, గిదా" అన్నది అమ్మ. తమ్ముడు బొటనవేలు ఎత్తాడు. అదే తీసుకున్నాం. మందపాటి గాజు అంటించకుండా పల్చటి పొర వేశాను, అమ్మ వేళ్ళకు అదే మేలు.

సిరిసిల్లకు తిరిగి పోయేముందు తమ్ముడు సంచీ అడుగున వెతికి, ఒక పాత కండె తీశాడు. నూలు చుట్టుకునే ఆ కండెకు కత్తితో గాడి పెట్టి, అందులో ఫోనును నిలబెట్టాడు. ఇక బియ్యం డబ్బా అక్కరలేదు. మగ్గం మీద కోసిన తెల్లగుడ్డ ముక్క ఒకటి ఇచ్చి, అమ్మకు చూపించాడు. ఇది ఫోనుకు. పొడిది. అది ఆకుకు. తడిది. అమ్మ, "తెల్సిందిరా సారూ" అని దండం పెట్టింది.

నేను కూడా ఈసారి ముక్క కాదు, మొత్తం చెప్పాను. వేడైతే కవరు తీసి, గాలి తగిలే నీడన ఊరికే పెట్టు. చార్జింగ్ పెట్టి వీడియో మాట్లాడకు. తంబాకు చాటలో పెట్టకు. అమ్మ అన్నీ వింటూ, "పసిపిల్ల కన్న ఎక్కువున్నదే దీని కథ" అన్నది.

వానలు మొదలయ్యాక అమ్మకు నిజంగానే జ్వరం వచ్చింది. చిన్నమ్మ చెబితే పోయాను. డాక్టరు దగ్గరికి తీసుకుపోయి, మందులు వేసి ఇంటికి తెచ్చేసరికి సాయంత్రమైంది. ఫోను మోగే వేళ. అమ్మ దుప్పటి తీసేసి లేచి కూర్చుంది. జుట్టు దువ్వుకుంది, పౌడరు రాసుకుంది.

"బిడ్డా, గా మెరిసేటిది పెట్టరాదు ఇయ్యాల్లొక్కనాడు."

"ఎందుకే?"

"ఆడు భయపడ్తడే. పనిడిసిపెట్టి బస్సెక్కుతడు. వానల ఏడ తడుస్తడో."

నాకూ ఒక క్షణం అదే మంచిదనిపించింది. పెద్దవాళ్ళు ఆ రోజు ఇట్లాగే అనుకొని ఉంటారు. అంతలో కండె మీద ఫోను మోగింది. నేను ఏ మెరుపూ పెట్టకుండానే ఎత్తాను.

వాడు అమ్మను చూశాడు. ముక్కుపుడక చూపించి, నా వైపు చేయి చాపాడు. నువ్వు చెప్పు.

నుదుటి మీద చేయి పెట్టాను. జ్వరం. సూది వేసినట్టు, గోలీ మింగినట్టు చూపించాను. డాక్టరు తగ్గిపోతుందన్నాడని చూపించాను. దేన్నీ వదల్లేదు.

వాడు అమ్మను దగ్గరికి రమ్మన్నాడు. అమ్మ ముఖం ఫోనుకు ఆనేంత దగ్గరగా జరిగింది. పౌడరు కింద కళ్ళు గుంట పడ్డాయి, పెదాలు ఎండాయి, అన్నీ కనిపిస్తున్నాయి. వాడు చాలాసేపు చూశాడు. అటు తిప్పు, ఇటు తిప్పు అన్నాడు. తరువాత చేతిని నోటి దగ్గరికి తీసుకుపోయాడు. తిన్నావా?

"గంజి తాగిన కొడుకా" అని అమ్మ గట్టిగా చెప్పింది, చేతులతో కూడా చెప్పింది.

వాడు తల ఊపాడు. నా వంక చూసి ఇంకోసారి ఊపాడు.

బస్సెక్కలేదు. మరునాడు పొద్దున్నే డ్యూటీకి పోయాడు. సాయంత్రం డ్యూటీ దిగి ఫోను చేసేసరికి అమ్మ చాట ముందు కూర్చొని ఉన్నది. జ్వరంలో బీడీలు చేస్తావా అని వాడు తిట్టడం మొదలుపెడితే, అమ్మ ఫోను మీద తెల్లగుడ్డ కప్పేసింది.